గుమ్మం బయటి నుంచి సాగనంపడం

ఊళ్ళో చర్చి హాలు ఉంది, బౌలింగ్ మైదానం పక్కన రేకుల షెడ్డు ఉంది, ఏదీ కాకపోతే తన కొడుకు వేన్ ఇంటి పెరడుంది, అయినా సరే తనని పాతిపెట్టి వచ్చాక జనం కూర్చుని టీ తాగాల్సింది సైనికుల క్లబ్బులోనేనని నా స్నేహితురాలు డెల్మా చెప్పి మరీ చచ్చిపోయింది. ఆ క్లబ్బులో నేను అడుగు పెట్టకూడదని దానికి తెలుసు. ఊరందరికీ తెలుసు. తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చునే రోండాకైతే నా ఫోటో ఇచ్చి మరీ చెప్పారు. అందుకని నేను ఇదిగో, క్లబ్బు ముందు కార్లో, కిటికీలు నాలుగూ దించుకుని, ఒళ్ళో స్పాంజి కేకు పెట్టుకుని కూర్చున్నాను. ఎండకి కేకు మధ్యలోని మీగడ పక్కలనుంచి జారుతోంది, ఈగలు దాని మీదా నా మీదా తేడా లేకుండా వాలుతున్నాయి. కారు నీలగిరి చెట్టు కింద పెట్టాను కానీ నీలగిరి నీడ కూడా ఒక నీడేనా, ఆకులన్నీ అంచులు కిందికి వేలాడేసి ఎండని శుభ్రంగా జారవిడుస్తాయి. మంచి నీడ వెనకవైపు గోడ వారన ఉంది. అక్కడ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదూ అంటే అక్కడి నుంచి తలుపు కనిపించదు. చూశారా నా బుద్ధి, ఇంత వయసొచ్చి, ఇన్నాళ్ళు మానేసి, కారు ఎక్కడ ఆపాలో కూడా నా చేత అదే నిర్ణయం చేయిస్తుంది.

తలుపు దానంతటది పక్కకి జరుగుతుంది, మనిషి లోపలికి పోతాడు, ఆ కాస్త సందులోంచి చల్లగాలి వస్తుంది, దాంతోపాటు పాత తివాచీ వాసన, బంగాళదుంపలు వేగే నూనె వాసన, వాటి వెనకాలే ఆ మోత, గంటలు, బూరాలు, నాణేలు రాలుతున్నట్టు ఉత్తుత్తి చప్పుడు, మళ్ళీ తలుపు మూసుకుంటుంది, మళ్ళీ ఎండ, ఈగలు, తీగల మీద తెల్ల కాకటూ చిలకల అరుపులు. పోకీలు, అదే, డబ్బు వేసి బొత్తం నొక్కే జూదం మిషన్లు, మానేశాక నాకు నయమైపోయిందని అందరూ అనుకుంటారు, మానేసిన మనిషికి ఆ మోత మరీ బాగా వినిపిస్తుందని మాత్రం ఎవరికీ తెలీదు. అక్కడ కూర్చున్నప్పుడు ఎన్నడూ విన్నది లేదు. నా మిషను నాది, నా బొత్తం నాది, పక్కన డెల్మా, దాని మిషను దానిది, ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కూడా కాదు, దాని మోచెయ్యి నా మోచేతికి తగులుతూ ఉండేది, అంతే, అదే మా కబుర్లు. ఎవరో ఒకరు లేచి వెళ్తే రెండోవాళ్ళు వాళ్ళ కుర్చీ మీద చేతిసంచి పెట్టి కాపలా కాసేవాళ్ళం, తల్లి పిల్లని కాసినట్టు. డెల్మా మిషనుకీ నా మిషనుకీ మధ్య గోడ మీద పెద్ద గడియారం ఉండాల్సిన చోట చేపల బొమ్మ ఉండేది. క్లబ్బులో ఎక్కడా గడియారం లేదు. ఇంటికొచ్చాక మా ఆయన లెస్ టీవీ ముందు నిద్రపోయి ఉంటే, క్రికెట్టు ఏ దేశానికి ఏ దేశానికో కూడా తెలీకుండా నేను పక్కన కూర్చుంటే, అంతసేపూ కిందికి దొర్లే బొమ్మలు చూసిన నా కళ్ళకి టీవీ తెర మీద పచ్చిక అంతా మెల్లగా పైకి పాకుతున్నట్టు ఉండేది.

నా కళ్ళకి అది మిషను నేర్పింది కాదు, బెల్టు నేర్పింది. పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక, మా అమ్మాయి జానీన్ పుట్టి పాలు మానాక కూడా, డెల్మా, నేను పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీలో కదిలే బెల్టు ముందే నిలబడ్డాం. పీచ్ పళ్ళు సగానికి కోసి, గింజ తీసి, బోర్లా పడి వస్తూ ఉంటాయి, వస్తూనే ఉంటాయి, దెబ్బ తగిలిందీ మచ్చ పడిందీ మనం ఏరి అవతల పారెయ్యాలి. చూడాల్సిన పని లేదు, చూపు ఉంచితే చాలు. చెయ్యి దానంతటది వెళ్ళి చెడ్డదాన్ని తీసుకొస్తుంది, బుర్ర ఎక్కడికో పోయి తిరిగి వస్తుంది. భోజనాలకి బెల్టు ఆపేస్తే చాలు, కాళ్ళ కింద నేలంతా వెనక్కి జారిపోయేది, కొత్తగా చేరిన పిల్లలు వాంతులు చేసుకునేవారు, మేమిద్దరం నవ్వేవాళ్ళం. ఫ్యాక్టరీ మూసేశాక, ఆ వాంతుల పిల్లల్లో సగం మంది ఊరొదిలేశాక, క్లబ్బువాళ్ళు కొత్త మిషన్లు తెచ్చి పెట్టారు, మొదటిసారి కూర్చున్నప్పుడే నా కళ్ళు వాటి పని అవి మొదలుపెట్టేశాయి, బొమ్మలు దొర్లుతున్నాయి, చెడ్డదాన్ని ఏరెయ్యాలి, ఏరడానికి వీల్లేదు, ఆగినదేదో ఆగిందంతే, మళ్ళీ నొక్కు, మళ్ళీ ఏరు. ఈ అలవాటు మాన్పించడానికి సలహాలు చెప్పే అమ్మాయికి ఇదంతా చెప్తే, చెవులకి మంచి పోగులు పెట్టుకుంటుంది ఆ పిల్ల, తల పక్కకి వంచి, "ఏ ఒంటరితనాన్ని నింపుకుంటున్నారు కోరల్?" అంది. ఏ ఒంటరితనం తల్లీ. అప్పటికి లెస్ బతికే ఉన్నాడు, రోజంతా ఇంట్లోనే ఉండేవాడు, కాస్త ఒంటరితనం దొరికితే బాగుండునని నేను వెయ్యి మొక్కులు మొక్కుకునేదాన్ని. నాకు అది ఇష్టం. బాగుండేది. బాగుండేదాన్ని మానాల్సి రావడమే కదా కష్టం, బాగోనిదాన్ని మానడానికి నాకు నీ పోగులు ఎందుకు. ఆ మాట అనలేదులెండి. "కోరిక ఒక అల లాంటిది, లేస్తుంది, విరుగుతుంది, దాని మీద అలా కూర్చోండి" అంది. మా ఊరికి సముద్రం ఒక రోజంతా కారులో పోతే వస్తుంది. నాకు ఈత రాదు.

నన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు, ఈ మాట తెలియాలి. నన్ను లోపలికి రానివ్వొద్దని నేనే రాసిచ్చాను. ఇక్కడ అలా రాసివ్వచ్చు, వాళ్ళు ఫోటో తీసి పెట్టుకుంటారు, వస్తే మర్యాదగా బయటికి పంపించేస్తారు. రాయించుకున్న పిల్ల అడిగింది, "పోకీల గది ఒక్కటేనా అమ్మా, బిల్డింగు మొత్తమా?" అని. మొత్తం అన్నాను. కోపంలో ఉన్నాను. కోపంలో లేకపోయినా అదే అనాలి, ఎందుకంటే ఆ క్లబ్బు కట్టినవాడెవడో కానీ భోజనాలకి పోవాలన్నా పోకీల మధ్య నుంచే పోవాలి, ఆడవాళ్ళ బాత్రూంకి పోవాలన్నా పోకీల మధ్య నుంచే, ఇవాళ డెల్మా కోసం శాండ్‌విచ్‌లు పెట్టిన ఆ హాల్లోకి పోవాలన్నా నా మిషను పక్కనుంచే. కానీ మొత్తం బిల్డింగంటే ఏమిటో నాకప్పుడు తట్టలేదు. మాంసం పళ్ళెం గెలుచుకునే శుక్రవారం లాటరీ నాకు పోయింది. మనవరాలు టేగన్ పద్ధెనిమిదో పుట్టినరోజు పోయింది, క్లబ్బు కిటికీ అద్దంలోంచి చెయ్యి ఊపింది నాకు. లెస్ పోయినప్పుడు మాత్రం నా ఇష్టం కాబట్టి టీ చర్చి హాల్లో పెట్టించాను, అది నీళ్ళలా ఉంది, అందరూ గుసగుసగా తిట్టుకుంటూ తాగారు.

కోపం ఎందుకంటే ఆ సాయంత్రం. రోజూ ఆరింటికి క్లబ్బులో దీపాలు తగ్గిస్తారు. ఎవరెక్కడున్నా లేచి నిలబడతారు, గ్లాసు కింద పెడతారు, బొత్తం మీద నుంచి చెయ్యి తీస్తారు, పేర్లు చెక్కిన గోడ వైపు తిరుగుతారు, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకుని మైకులో నాలుగు మాటలు చెప్తారు, ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆ గోడ మీద కోలిన్ పేరుంది. మా మరిది, లెస్ తమ్ముడు, వియత్నాంలో పోయాడు, మీసం సరిగ్గా రాకముందే పోయాడు, మా పెళ్ళిలో నా ముసుగు తొక్కి చింపింది వాడే. ఆ రోజు దీపాలు తగ్గుతుండగా నేను నొక్కేశాను, ఒక్క క్షణం ముందు, అంతే, కావాలని కాదు. నొక్కానో లేదో ఉచితపు ఆటలు పడ్డాయి. అవి పడితే మిషను మన మాట వినదు, దానంతటదే తిరుగుతుంది, దానంతటదే పాడుతుంది. హాలంతా తలలు వంచుకుని నిశ్శబ్దంగా నిలబడి ఉంటే నా మిషను ఒక్కటే బూరాలు ఊదుకుంటూ, కంగారూలు గెంతించుకుంటూ, టంగు టంగుమని కురిపిస్తోంది. పక్కన డెల్మా భుజాలు ఊగిపోతున్నాయి, నవ్వు ఆపుకోలేక చస్తోంది. ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. నేనూ అందరిలాగే గోడవైపు తిరిగి తల వంచాను, తల వంగింది కానీ చెవి మాత్రం అటే, ఇంకా పడుతోందా, ఇంకెంత పడుతుంది, ఆగకు, ఆగకు. కోలిన్ పేరు ఎదురుగా పెట్టుకుని నేను చేసిన ప్రార్థన అది. మిషను మీద కోపం, క్లబ్బు మీద కోపం, ఆరింటి మీద కోపం, పొద్దున్నే వెళ్ళి రాసిచ్చేశాను.

డెల్మా చాలాకాలం నాతో మాట్లాడలేదు. "ఒసే, నువ్వు మానుకుంటే మానుకో, నేను బాత్రూంకి వెళ్తే నా కుర్చీ ఎవడు చూస్తాడే?" అంది, అదీ దాని బాధ. తర్వాత ఒకరోజు తనే వచ్చింది, నా కుర్చీలో ఇప్పుడు నోరు కంపు కొట్టే మగాడొకడు కూర్చుంటున్నాడని ఫిర్యాదు. వెనక వసారాలో కూర్చుని టీ తాగేవాళ్ళం, నేను మాట్లాడుతూ ఉంటే దాని మోకాలు ఊగుతూ ఉండేది, క్లబ్బువాళ్ళు ముసలివాళ్ళ కోసం ఊరికే తిప్పే చిన్న బస్సు ఎప్పుడొస్తుందా అని. బస్సు వచ్చిందంటే మాట మధ్యలో వదిలేసి పోయేది. ఎన్ని మాటలు అలా మధ్యలో వదిలేసి పోయిందో. నేను మానేశానని ఒక్కసారి మెచ్చుకోలేదు. నన్ను రమ్మని ఒక్కసారి పిలవనూ లేదు, ఆ మాట కూడా చెప్పాలి. చచ్చాక పిలిచింది.

ఇదిగో రోండా వస్తోంది. ఎండలో ఆ ఎత్తు మడమల చెప్పులతో టపటపా.

"కోరల్, ఇంకా ఇక్కడే కూర్చున్నావా, మాడిపోతావమ్మా. రా లోపలికి. ఇవాళ ఒక్కరోజుకి నేను పైకప్పు వైపు చూస్తూ కూర్చుంటాను, నువ్వు నడిచి వెళ్ళిపో."

"నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఎవరు చెప్తారు? మేనేజరే అన్నాడు, పాపం కోరల్ బయట ఉందట కదా అని. అందరూ నీ గురించే అడుగుతున్నారు. వేన్ భలే చేశాడులే, వాళ్ళమ్మ మిషను చుట్టూ పూలు పెట్టాడు, ఫోటో పెట్టాడు, ఒక్కొక్కరూ వెళ్ళి డెల్మా పేరు చెప్పి ఒక్కసారి నొక్కి వస్తున్నారు. పాస్టరు గారు కూడా నొక్కారు! నువ్వు నొక్కకపోతే ఎలా?"

నేను కేకు పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టాను. "ఇది లోపల పెట్టు, మీగడ విరిగిపోతోంది," అన్నాను. రోండా పళ్ళెం పట్టుకుని పోయింది, దాంతో ఒక సాకు పోయింది. ఎందుకంటే అప్పటిదాకా నా మనసులో అదే నడుస్తోంది, కేకు ఇచ్చి వచ్చేస్తాను, కేకు ఇవ్వడానికి వెళ్ళినదాన్ని ఎవరేమంటారు. కేకు పోగానే బాత్రూం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఎదురుగా పెట్రోలు బంకులో బాత్రూం ఉంది, అది గుర్తు రాలేదు. తర్వాత డెల్మా ఫోటో, ఆఖరిచూపు, నా స్నేహితురాలికి నేను పెట్టుకోవాల్సిన నమస్కారం, ఒక్కసారి నొక్కడం అసలు జూదమే కాదు, పూజ లాంటిది, పాస్టరే నొక్కాడు. ఎంత చక్కగా కట్టుకుని వస్తాయో ఈ మాటలు, ఇస్త్రీ బట్టలు వేసుకుని, జుట్టు దువ్వుకుని, ఒకదాని వెనక ఒకటి. నా చేతిసంచిలో బ్యాంకు కార్డు ఉంది. ఇన్నాళ్ళూ జానీన్ దగ్గరే ఉంది అది, నా పెన్షను, నా కరెంటు బిల్లు అన్నీ తనే చూసేది, పోయిన నెల వచ్చి టేబులు మీద పెట్టింది, "అమ్మా, ఇక నీ దగ్గరే ఉంచుకో" అని, పెట్టి వేరేవైపు చూసింది, నా మొహం చూడటానికి దానికి భయం. లోపలికి వెళ్తే ఒక్కసారి నొక్కి వచ్చే మనిషిని కాను నేను. ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలుసు. డెల్మా పూల పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ నాది. అందులో కూర్చుంటే మళ్ళీ జానీన్ వచ్చి ఆ కార్డు తీసుకుపోవాల్సిందే, ఈసారి దాని మొహం చూడటానికి నాకు భయం. మనుషులకి ఏం తెలుసు, మంచివాళ్ళు, అందరూ మంచివాళ్ళు, జాలిపడి తలుపులు తీసి పట్టుకుంటారు. పోనీ ఒక్కడైనా చెడ్డవాడుండి, పో ఇక్కణ్ణుంచి అంటే ఎంత హాయి.

తలుపు జరిగింది. వేన్ భార్య షెరీ, నల్ల గౌను, చేతిలో చెప్పులు, తారు మీద ఉత్తకాళ్ళతో పరుగెత్తుకుంటూ వస్తోంది.

"కోరల్ ఆంటీ, మీరొక్కసారి రావాలి. వేన్ లేవట్లేదు."

"లేవకపోవడమేమిటి?"

"అందరూ ఒక్కొక్కసారి నొక్కారు కదా, ఆఖర్న తను కూర్చున్నాడు. అంతే. ఇంకా కూర్చునే ఉన్నాడు. మైకు పెట్టి చాలాసేపయింది, వాళ్ళమ్మ గురించి మాట్లాడాలి కదా, పిల్లలు నిలబడి చూస్తున్నారు. నేను పిలిస్తే, ఉండవే, అమ్మ మిషను డబ్బులివ్వబోతోంది అంటాడు. ఆంటీ, మొన్న మొన్నటి నుంచి తనూ వెళ్తున్నాడు, అత్తయ్యతో పాటు. నాకు చెప్పలేదు. మీరు చెప్తే వింటాడు, మీరు తప్ప ఎవరు చెప్పినా వినడు."

కారు తలుపు తీసి దిగాను. తారు వేడి చెప్పుల్లోంచి అరికాళ్ళకి తగిలింది. నాలుగడుగులు వేశాను, అద్దంలోంచి కనిపిస్తున్నాడు వేన్, వీపు కనిపిస్తోంది, పుట్టినప్పుడు నేను మొదట ఎత్తుకున్నవాడు, ఫ్యాక్టరీలో బెల్టు పక్కన బుట్టలో పడుకుని పీచ్ ముక్కలు చప్పరించినవాడు, డెల్మా కూర్చున్నట్టే కూర్చున్నాడు, కుడి భుజం కొంచెం కిందికి, మెడ కొంచెం ముందుకి, చుట్టూ తెల్ల పూలు. వాడి పక్కన కుర్చీ ఖాళీ. వెళ్ళాలి. ఇప్పుడు వెళ్ళకపోతే ఎప్పుడు వెళ్తాను. కన్నతల్లి పోయింది, పిల్లాడు మునిగిపోతున్నాడు, పోయి చెయ్యి పట్టుకుని లాగాలి, పక్కన కూర్చుని, మెల్లగా, నచ్చజెప్పి, పక్కన కూర్చుని. పక్కన కూర్చుని. ఛీ. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కేకు చిన్న సాకు, బాత్రూం చిన్న సాకు, ఆఖరిచూపు కాస్త పెద్దది, ఇది అన్నిటికంటే పెద్దది, దీన్ని ఎవరూ కాదనలేరు, చివరికి జానీన్ కూడా కాదనలేదు. ఇంత మంచి సాకు నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ దొరకలేదు. ఎంత మంచిదంటే అది నిజం కూడా. నిజమైతే మాత్రం, దాన్ని పంపించింది నా పాత బుద్ధేనని నాకు తెలీదా. షెరీ నా మోచెయ్యి పట్టుకుని లాగుతోంది, రండి ఆంటీ, రండి. విసుగొచ్చేసింది నాకు. ఒక్కసారిగా విసుగొచ్చేసింది, నా మీద, డెల్మా మీద, పూల మీద, పాస్టరు మీద, ఆ తలుపు మీద. చెయ్యి విదిలించుకుని వెనక్కి తిరిగి కార్లోకి వచ్చి కూర్చుని, స్టీరింగు మధ్యలో అరచెయ్యి ఆనించి హారను నొక్కాను.

నొక్కి తియ్యలేదు. పాత కారు, దాని గొంతు మేక గొంతు, తీగల మీద కాకటూలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. షెరీ చెవులు మూసుకుంది. తలుపు జరిగింది, రోండా తొంగి చూసింది, నేను తియ్యలేదు. బొత్తం మీద చెయ్యి పెట్టి ఇక తియ్యకుండా కూర్చోవడం ఒకరు నాకు నేర్పక్కర్లేదు, ఆకలి తెలీకుండా, దాహం తెలీకుండా, పొద్దు తెలీకుండా కూర్చోగలను, ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరూ కూర్చోలేరు. మేనేజరు వచ్చాడు, చేతులు ఊపాడు. పాస్టరు శాండ్‌విచ్ సగం తిని సగం పట్టుకుని వచ్చాడు. తర్వాత జనం, పళ్ళేలతో, టీ కప్పులతో, మెట్ల మీద, ర్యాంపు మీద, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ. చెవిటి కెవ్ ముసలాయన కర్ర ఆడిస్తూ అరిచాడు.

"ఏమిటా గోల? ఎవరైనా చచ్చారా?"

"డెల్మా చచ్చింది కదయ్యా, అందుకేగా వచ్చావు!" అని ఎవరో ఆయన చెవిలో అరిచారు. నవ్వులు. డెల్మా అయితే భుజాలు ఊగిపోయేలా నవ్వి ఉండేది. నేను తియ్యలేదు. అందరూ బయటికి వచ్చేశారు, పిల్లలూ వచ్చేశారు, లోపల ఒక్కడే మిగిలాడు, వాడికీ వినిపిస్తోంది, వాడి చెవి ఇటు తిరుగుతుందా లేదా అన్నదే, చెయ్యి తిమ్మిరెక్కుతోంది, మణికట్టు లాగుతోంది, తియ్యను. అప్పుడొచ్చాడు. టై వదులైపోయి, మొహం పాలిపోయి, జనాన్ని నెట్టుకుంటూ, ఎండలో దారి తెలియనివాడిలా కళ్ళు ఆర్పుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆపు ఆంటీ! సిగ్గు లేదూ? అమ్మ అంత్యక్రియలివి!"

చెయ్యి కొంచెం ఎత్తాను, నా మాట వినబడటానికి మాత్రం.

"కారెక్కు."

"వస్తా. ఇంకొక్కసారి, ఆంటీ. ఒట్టు. ఇంకొక్కసారి నొక్కి వచ్చేస్తా."

"నేనూ అంతే," అని మళ్ళీ నొక్కాను.

వాడు నన్ను చూశాడు. తలుపు వైపు చూశాడు. మెట్ల మీద పిల్లల్ని చూశాడు, వాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఉన్నారు. మళ్ళీ తలుపు వైపు చూశాడు, ఎంతసేపు చూశాడో. వాడి కుడిచేతి బొటనవేలు ప్యాంటు పక్క కుట్టు మీద నొక్కుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది, నాకు తెలుసు ఆ వేలు, నాకూ ఉంది. చివరికి కారు చుట్టూ తిరిగి వచ్చి, అటువైపు తలుపు తీసి, కూలబడ్డాడు. అప్పుడు చెయ్యి తీశాను.

"ఎక్కడికి తీసుకెళ్తావు?" అన్నాడు, మొహం చేతుల్లో పెట్టుకుని.

"ఎక్కడికీ లేదు. ఇక్కడే. కూర్చో."